లారెన్స్ పతనం ఎక్కడ మొదలైంది?
1962లో డేవిడ్ లీన్ తీసిన 'లారెన్స్ ఆఫ్ అరేబియా' నిన్న రెండోసారి చూశాను. మొదటి ప్రపంచ యుద్ధంలో టర్కీపై తిరగబడ్డ అరబ్బులతో కలిసి పోరాడిన బ్రిటిష్ అధికారి లారెన్స్ కథ ఇది. ఒక సందేహం వదలట్లేదు. ఎడారిలో వెనకబడిపోయిన గాసిమ్ అనే అరబ్ సహచరుణ్ని, అందరూ వద్దంటున్నా వెనక్కి వెళ్లి మరీ కాపాడతాడు లారెన్స్. టర్కీ చేతిలో ఉన్న అకాబా రేవు పట్టణంపై దాడికి ముందు తెగల మధ్య గొడవ ఆపడానికి అదే గాసిమ్‌ను తన చేత్తోనే కాల్చేస్తాడు. అంతవరకూ సరే. కానీ ఆ చంపడం తనకు నచ్చిందని తర్వాత బ్రిటిష్ జనరల్ అలెన్‌బీ ముందు ఒప్పుకుంటాడు చూడండి, అక్కడ నాకు ఒళ్లు జలదరించింది.

మా తమ్ముడేమో దెరా పట్టణంలో టర్కీ సైనికులు కొట్టాకే మనిషి మారాడంటాడు. తఫాస్ ఊరి దగ్గర లారెన్స్ దళం టర్కీ సైనికులను ఊచకోత కోసింది దాని తర్వాతే కాబట్టి కాదనలేకపోతున్నాను. మీరేమంటారు? అసలు గాసిమ్‌ను కాల్చడం చరిత్రలో నిజంగా జరిగిందా, సినిమా కోసం కల్పించారా? తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.