మళ్ళీ లావు తూటా వైపు: తప్పు క్యాలిబర్‌దా, తుపాకీదా?

లెక్కల మాస్టారు, నల్గొండ:

1962లో చైనాతో యుద్ధం చేసినప్పుడు మన జవాన్ల చేతుల్లో ఉన్నది ప్రతి తూటాకూ బోల్టు లాగవలసిన .303 రైఫిల్. ఆ తరువాత ఇషాపూర్ కర్మాగారం నుంచి ఎస్‌ఎల్‌ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్) వచ్చింది. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక తూటా వెళ్ళే సెమీ ఆటోమేటిక్, క్యాలిబర్ 7.62×51 (మొదటి అంకె తూటా లావు, రెండోది దాని వెనక మందు నింపిన తొడుగు పొడవు, రెండూ మిల్లీమీటర్లలో). 1990ల చివర దాని స్థానంలోకి 5.56×45 తూటాతో మన దేశంలోనే రూపొందిన ఇన్సాస్ రైఫిల్ వచ్చింది. ఇప్పుడు ఇన్సాస్ వంతు అయిపోయింది. 2019లో 72,400 సిగ్ 716 రైఫిళ్ళకు ఆర్డర్ ఇచ్చారు, అది మళ్ళీ 7.62×51. 2021 డిసెంబర్‌లో 6 లక్షలకు పైగా ఏకే-203లకు ఒప్పందం కుదిరింది, అది 7.62×39.

ఈ మార్పుకు అందరూ చెప్పే కారణం ఒకటే: సన్న తూటా గాయపరుస్తుంది, లావు తూటా పడగొడుతుంది. నేను ఒప్పుకోను. ఇన్సాస్ ప్లాస్టిక్ మ్యాగజైన్లు చలికి పగిలాయని కార్గిల్ కాలం నుంచీ వింటున్నాం. మ్యాగజైన్ పగిలితే తూటా ఏం చేస్తుంది? తుపాకీ మీద కోపాన్ని తూటా మీద తీర్చుకున్నాం.

లెక్క చూడండి. 7.62×51 రౌండు ఒకటి దాదాపు 24 గ్రాములు, 5.56 రౌండు దాదాపు 12. అంటే ఎస్‌ఎల్‌ఆర్ జవాను 100 రౌండ్లు మోసే బరువుకు ఇన్సాస్ జవాను 200 మోయగలడు. కాల్పుల మధ్యలో తూటాలు అయిపోయినవాడికి ఈ తేడా ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

విశ్రాంత హవల్దార్, శ్రీకాకుళం జిల్లా:

మాస్టారూ, కాగితం మీద మీ లెక్క తప్పు కాదు. నేను రెండూ మోశాను. ఎస్‌ఎల్‌ఆర్ ఖాళీగానే నాలుగు కిలోల మీద ఉంటుంది, కొండెక్కేటప్పుడు దానిని తిట్టుకోని రోజు లేదు. కాని మీ లెక్కలో ఒక గడి ఖాళీగా ఉంది. ఎదుటివాడు మైదానంలో నిలబడి ఉండడు. మట్టిగోడ వెనక ఉంటాడు, చెట్టు మొదలు పక్కన ఉంటాడు. ఎస్‌ఎల్‌ఆర్ గుండు ఆ మట్టిగోడను దాటి వెళ్ళడం నా కళ్ళతో చూశాను. 5.56 గుండు చాలాసార్లు గోడలోనే ఆగిపోయేది. 200 రౌండ్లు మోసి అన్నీ గోడకే కొడితే ఏం లాభం?

ఇంకొక మాట. తూటా తగిలాక కూడా మనిషి పరుగెత్తడం చూశాను. అది సన్న తూటా తప్పో, నా గురి తప్పో ఆ చీకటిలో తెలియదు. కాని అలా చూసినవాడు మరుసటి రోజు లావు తూటానే అడుగుతాడు.

మిర్చి యార్డు, గుంటూరు:

హవల్దార్ గారి లెక్కన అందరం ఫిరంగులు మోసుకు తిరగాలి.

విశ్రాంత హవల్దార్:

మోయించే అవకాశం ఉంటే అదీ మోయించేవారు, తమ్ముడూ.

డల్లాస్ నుంచి ఒకడు:

ఇక్కడ ఏఆర్-15 (5.56 తరహా తూటా పేల్చే పౌరుల రైఫిల్) కొనుక్కుని ఆరేళ్ళయింది. హవల్దార్ గారి అనుభవం ముందు నాది అట్ట బొమ్మల మీద గురి చూసే వాడి అనుభవం. అందువల్ల యుద్ధం గురించి మాట్లాడను, తూటా గురించి మాట్లాడతాను.

"5.56 గాయపరుస్తుంది, చంపదు" అన్నది నిర్ధారణగా చెప్పే మాట కాదు. అమెరికా వియత్నాంలో వాడిన పాత 5.56 తూటా, ఎం193, గుండు బరువు 55 గ్రెయిన్లు, అంటే దాదాపు మూడున్నర గ్రాములు. వేగంగా తగిలితే శరీరంలో అడ్డం తిరిగి ముక్కలవుతుంది, గాయం తూటా సైజుతో పొంతన లేనంత పెద్దదవుతుంది. కాని అలా ముక్కలవ్వాలంటే తగిలే సమయానికి సెకనుకు సుమారు 800 మీటర్ల వేగం మిగిలి ఉండాలి. దూరం పెరిగితే ఆ వేగం ఉండదు. గొట్టం పొట్టిదైతే మొదటే ఉండదు. అమెరికా సైన్యపు పాత రైఫిల్ ఎం16 గొట్టం 20 అంగుళాలు, తరువాతి ఎం4 గొట్టం 14.5 అంగుళాలు. తుపాకీ పొట్టిగా, చేతికి హాయిగా ఉండాలని గొట్టం కోసేసి, ఆ తరువాత తూటా పని చేయడం లేదని ఫిర్యాదు చేయడం ఇక్కడ కూడా జరిగింది.

రెండోది, నాటో 1980లో తీసుకున్న ఎస్‌ఎస్109 వేరే తూటా. 62 గ్రెయిన్లు, ముక్కులో ఉక్కు ముక్క. దూరంలో ఉన్న ఉక్కు శిరస్త్రాణాన్ని తూట్లు పొడవాలన్న లెక్కతో తయారైంది. ఆ పని బాగానే చేస్తుంది. శిరస్త్రాణం లేని, సన్నటి మనిషికి తగిలినప్పుడు ఒక్కోసారి ముక్కలు కాకుండా సూదిలా అవతలికి వెళ్ళిపోతుంది. 1993లో సొమాలియాలో అమెరికా సైనికులు మొరపెట్టుకున్నది దీని గురించే. చూడండి, క్యాలిబర్ అదే, మనం మాట్లాడుతున్న తూటా మారిపోయింది. "5.56 మంచిదా కాదా" అని అడిగేవాళ్ళు ముందు ఏ 5.56 అని చెప్పాలి.

వేటలోనూ ఇదే తంతు. టెక్సస్‌లో .223తో (అంగుళాల్లో చెప్పే లావు, 5.56 సైజే) జింకను కొట్టవచ్చు. వర్జీనియాలో .23 కంటే తక్కువ రైఫిల్‌తో జింకను కొట్టడం నేరం. జింక రెండు చోట్లా జింకే.

ఎన్‌సీసీ మాజీ క్యాడెట్, విజయవాడ:

అన్నగారూ, నేను పేల్చింది శిక్షణలో మాత్రమే. ముందు .22, ఒక శిబిరంలో ఎస్‌ఎల్‌ఆర్. .22తో నా గ్రూపింగ్, అంటే గుళ్ళన్నీ తగిలిన చోటు, అరచేతిలో పట్టేది. ఎస్‌ఎల్‌ఆర్ మొదటి గుండు భుజాన్ని తన్నాక, రెండో గుండుకు ట్రిగ్గర్ నొక్కకముందే కళ్ళు మూసుకున్నాను. మా వరుసలో సగం మంది పరిస్థితి అదే. లావు తూటా గోడ దాటుతుంది, సరే. కాని గోడ ఎక్కడుందో అక్కడికి దాన్ని పంపడానికి ఎంత సాధన కావాలి? ఏడాదికి ఒక్కో జవానుకు ఎన్ని రౌండ్లు పేల్చనిస్తారు? ఈ చర్చలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇంకో సందేహం. వేటగాళ్ళు వాడే, ముక్కు విచ్చుకునే తూటాలు సైన్యానికి ఇస్తే సన్న తూటా గొడవే ఉండదు కదా?

లెక్కల మాస్టారు:

అమ్మా, ఆ ప్రశ్నకు జవాబు మన దేశంలోనే పుట్టింది. కలకత్తా పక్కన డమ్ డమ్ ఆయుధ కర్మాగారంలో 1890లలో బ్రిటిష్ వారు .303 తూటా ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించేలా తయారు చేశారు. వాయవ్య సరిహద్దులో గిరిజన యోధులు మామూలు తూటా తగిలినా ఆగడం లేదని వారి ఫిర్యాదు. అంటే మనం ఈ రోజు చేస్తున్న చర్చే, 130 ఏళ్ళ కిందటిది! 1899 హేగ్ ప్రకటన అటువంటి తూటాలను యుద్ధంలో నిషేధించింది. అందుకే సైనికుడి తూటాకు నిండా లోహపు తొడుగు ఉంటుంది. నిషేధం వల్ల "తగిలితే పడిపోవాలి" అన్న కోరికను ముక్కు ఆకారంతో తీర్చుకునే దారి మూసుకుపోయింది. మిగిలినవి వేగం, బరువు, గొట్టం పొడవు. ఈ మూడింటితోనే అందరి కుస్తీ.

సాధన గురించి మీరన్నది మాత్రం నా మొత్తం టపా కంటే బరువైన మాట.

విశ్రాంత హవల్దార్:

డల్లాస్ తమ్ముడు చెప్పినది నాకూ నచ్చింది, ఏ 5.56 అని అడగాలి. అదే ప్రశ్న 7.62కూ అడగండి. 2017 డిసెంబర్ చివర కశ్మీర్‌లోని లెత్‌పొరాలో దాడి జరిగాక ఏకే తూటాలలో గట్టి ఉక్కు గుండె ఉన్న రకం గురించి పెద్ద చర్చ నడిచింది. మామూలు ఏకే తూటాలో ఉండేది మెత్తటి ఉక్కు. క్యాలిబర్ అదే, మ్యాగజైన్ అదే, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ మీద పడినప్పుడు కథ వేరు. కాబట్టి నేను కేవలం లావు చూసి మాట్లాడటం లేదు.

కాని ఒక మాట చెప్పండి. అంత గొప్ప 5.56 అయితే, దాన్ని లోకానికి అంటగట్టిన అమెరికా ఎందుకు వదులుతోంది?

డల్లాస్ నుంచి ఒకడు:

పూర్తిగా వదలడం లేదు. 2022లో 6.8×51 తూటాతో కొత్త రైఫిల్‌ను ఎంచుకున్నారు. ముందు వరుసలో పోరాడే దళాలకే అది, మిగిలిన వాళ్ళ చేతిలో ఎం4 కొనసాగుతుంది. శత్రువు కవచం మందమైందని, దూరం పెరిగిందని కారణం. దానికి చెల్లించిన వెల కూడా ఉంది: మ్యాగజైన్‌లో 30 బదులు 20 రౌండ్లు, తుపాకీ బరువు, తన్ను అన్నీ పెరిగాయి. అక్కడ కూడా ఇదే తగవు నడుస్తోంది, భాష ఒక్కటే వేరు.

లెక్కల మాస్టారు:

సరే, ఒక మెట్టు దిగుతాను. ఒక శిఖరం నుంచి ఎదుటి శిఖరం మీదికి 500 మీటర్లు కాల్చవలసిన చోట 7.62×51 సబబే. ఆ గుండు మూతి దగ్గర సుమారు 3,300 జౌళ్ళ శక్తితో బయలుదేరుతుంది, ఎస్‌ఎస్109 దాదాపు 1,700 జౌళ్ళతో. సరిహద్దు సిగ్‌ల మీద నాకు పేచీ లేదు.

కాని ఏకే-203ను కూడా "లావు తూటాకు తిరిగి వచ్చాం" అన్న ఖాతాలో వేయకండి. పేరులో 7.62 ఉన్నంత మాత్రాన అది ఎస్‌ఎల్‌ఆర్ తూటాకు తోబుట్టువు కాదు. 7.62×39 బయలుదేరే వేగం సెకనుకు 715 మీటర్లే, శక్తి 2,000 జౌళ్ళు. ఇది ఎస్‌ఎల్‌ఆర్ కంటే ఇన్సాస్‌కే దగ్గర. పైగా 100 మీటర్లకు గురి సరిచేస్తే, 300 మీటర్ల దగ్గర 5.56 కంటే దాదాపు రెట్టింపు కిందికి దిగుతుంది. దగ్గరి పోరుకు, అడవికి, బురదకు ఏకే నమ్మకమైన తుపాకీ. అలాగే చెప్పండి, ఒప్పుకుంటాను. కాని అప్పుడు మనం మెచ్చుకుంటున్నది తుపాకీనే కదా, తూటాను కాదు. నేను మొదటి నుంచీ అంటున్నది అదే!

సైన్యానికి కూడా ఈ సంగతి తేల్చుకోవడం కష్టమైంది. 2011లో గొట్టం మారిస్తే 5.56, 7.62×39 రెండూ పేల్చే రైఫిల్ కోసం టెండర్ పిలిచారు. 2015లో రద్దు చేశారు.

మిర్చి యార్డు, గుంటూరు:

రెండు గొట్టాలు మోయడానికి ఇంకో జవానును ఇస్తారా?

విశ్రాంత హవల్దార్:

మాస్టారూ, గెలుపు మీదే అనుకోండి. ఇప్పుడు నా బాధ వేరే. మా కాలంలో ఎల్‌ఎమ్‌జీ (తేలికపాటి మెషిన్ గన్) వాడికీ, రైఫిల్ వాడికీ ఒకే తూటా ఉండేది. ఒకడి దగ్గర అయిపోతే పక్కవాడు మ్యాగజైన్‌లోంచి తీసి చేతిలో పోసేవాడు. ఇప్పుడు 7.62×51 ఒకరి దగ్గర, 7.62×39 ఇంకొకరి దగ్గర, ఇంకా మార్చని ఇన్సాస్ మూడో వాడి దగ్గర. పెట్టె మీద 7.62 అని చూసి చీకట్లో తెరిచాక లోపల 39 ఉందో 51 ఉందో తడిమి చూసుకోవలసినది సరుకు మోసుకొచ్చిన కుర్రవాడే.