పిల్లల కథల పుస్తకం అట్టకి ఏ ఫాంటు బాగుంటుంది?

నమస్తే అండీ. మా అమ్మమ్మ చెప్పే కథలు ఆరింటిని బొమ్మలతో 24 పేజీల పుస్తకంగా వేస్తున్నాం. చదివేది ఐదారేళ్ల పిల్లలు. లోపలి కథకి మండలి ఫాంటు ఖాయం. తంటా అంతా అట్ట మీది పేరుతోనే: ‘చిట్టెలుక పట్టుచొక్కా’.

‘బాలూ తమ్ముడు’ ఫాంటు పెట్టి చూశాను. గుండ్రంగా, బొద్దుగా ముద్దొస్తోంది. కానీ పేరుని రెండు వరుసల్లో వేస్తే ‘ట్టె’ కింది వత్తు రెండో వరుస మీద పడుతోంది. ఎడం పెంచితేనేమో రెండు వేర్వేరు పేర్లలా కనిపిస్తోంది. ‘లక్కిరెడ్డి’ ఫాంటు చేతిరాతలా సరదాగా ఉంది గానీ, అక్షరాలు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న మా మేనకోడలు అందులో ‘ప’ని ‘వ’ అని చదివింది! (పెద్దవాళ్లకి ఈ తేడా తట్టనే తట్టదు.)

ఈ రెండూ గూగుల్ ఫాంట్స్‌లోవే, ఓపెన్ లైసెన్సు కాబట్టి రేపు పుస్తకాన్ని అమ్మినా ఇబ్బంది లేదు. అలాంటివే ఇంకేమైనా, అల్లరిగా ఉంటూనే ప-వ, మ-య తేడా స్పష్టంగా తెలిసేవి, మీరు వాడి చూసినవి ఉంటే చెప్తారా? లేక ఫాంటు గొడవ మానేసి, బొమ్మలు వేసే ఆవిడతోనే పేరు కూడా చేత్తో రాయించడం మేలంటారా? వచ్చే వారం ప్రెస్సుకి ఇవ్వాలి, కాస్త టెన్షన్‌గా ఉంది.