షైరర్‌ని ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

విలియం షైరర్‌ని బాగా చదివినవాళ్లు కాస్త సాయం చేయండి. 1940 జూన్‌లో ఫ్రాన్స్‌లోని కాంపియెన్ అడవిలో, ఓడిన ఫ్రాన్స్ జర్మనీతో యుద్ధవిరమణ ఒప్పందం చేసుకున్న ఆ పాత రైలుపెట్టె దగ్గర నిలబడి, హిట్లర్ ముఖంలో మారే రంగుల్ని కూడా గమనించి అమెరికా రేడియోకి చెప్పిన విలేకరి ఆయన. డిసెంబరులో బెర్లిన్ వదిలారు. 1947లో, తాను పనిచేసే అమెరికా రేడియో సంస్థ సీబీఎస్‌తో తెగిపోయింది. తర్వాత ఉపన్యాసాలతో నెట్టుకొస్తూ, మిత్రదేశాల చేతికి చిక్కిన నాజీ పత్రాలు తిరగేసి, 1960లో నాజీ జర్మనీ చరిత్ర తెచ్చారు. నాకు అన్నిటికన్నా ఈ మధ్యకాలమే ముఖ్యం. కళ్లారా చూసినదానికీ కాగితాల్లో దొరికినదానికీ పొసగనిచోట ఆయన దేన్ని నమ్మారు? అది తెలియాలంటే 1941లో అచ్చైన బెర్లిన్ డైరీతో మొదలుపెట్టాలా, నేరుగా ఆ పెద్ద పుస్తకమేనా, లేక ఆత్మకథా? నేనూ విదేశీ వార్తలే రాస్తాను, పుస్తకం రాయాలని గట్టిగా ఉంది.