ఈ వారం సమస్య: ఐదు నైదు నైదు హాసమాయె

పిల్లలమర్రి నీడ (పాలమూరు):
ఈసారి అల్కటి ఆటవెలదే ఇస్తున్న, నాలుగో పాదం పైనుంది, దానికి అర్థం కుదిరేటట్టు ముందటి మూడు పాదాలు మీరు పూరించాలె. సూచన అడగొద్దు, చెప్ప.

మూసీ గట్టు:
అన్నా, ఐ కి హా యతి చెల్తదా?

పిల్లలమర్రి నీడ:
చెల్తది. అ ఆ ఐ ఔ, వీటితోని హ య కూడ మైత్రే. విద్వద్గద్వాల పక్కన పుట్టినోన్ని, యతి తప్పిన సమస్య ఇస్తనా.

మూసీ గట్టు:
అయితె కాస్కో
లెక్క సైన్సు హింది లిస్టులో మార్కులు
చూడ నాయినకును చుర్రుమనియె
పక్క బెంచి వాళ్ళు పడిపడి నవ్విరి
ఐదు నైదు నైదు హాసమాయె

పానగల్లు పంతులు:
నడక మంచిగున్నది. గణం కోసం హిందీని హింది చేసినవ్, సరే, మాటల్ల మనం అట్లనె అంటం. కాని నాయిన ఇంట్ల, బెంచి బడిల, ఇద్దరూ ఒక్కపారే లిస్టు ఏడ చూసిన్రు తమ్మీ?

కోయిల్‌సాగర్ కెరటం:
నాకు దొరికింది! మా తమ్ముడు బ్యాంకాక్‌ల పనిచేస్తడు, మొదట్ల వాడు జోకేస్తె అక్కడి దోస్తులు 555 అని పెడుతుంటె ఓటీపీ సగమే వచ్చిందనుకున్నడు, తర్వాత తెలిసింది థాయిల ఐదంటె హా అని, మూడు కొడితె హాహాహా.
హా యటంచు పల్కు నైదును థాయిలో
మూడు మార్లు కొట్ట మురిసె దోస్తు
ఫోను నిండ నంకె పువ్వులై విచ్చెను
ఐదు నైదు నైదు హాసమాయె

పానగల్లు పంతులు:
భలే! నేను పాండవులు, పంచభూతాలు అని కొట్టుకుంటున్న. ఒక్కటే, అంకె ఏకవచనం, పువ్వులు బహువచనం. "పువ్వయి విచ్చెను" అను, భగణం భగణం, గణం చెడదు.

మూసీ గట్టు:
ఆగున్రి, చీనోళ్ళకు ఐదంటె వూ. వాళ్ళు 555 పెడితె వూవూవూ అని ఏడ్చినట్టు!
చీనవాడు దీనె జెప్పిన నేడుపు
ఊళవేసినట్టు లుండు పలుకు
దేశమొకటి దాట తిరగబడెను జూడు
ఐదు నైదు నైదు హాసమాయె

పిల్లలమర్రి నీడ:
ఇదీ పూరణంటె. చీనకెల్లి థాయిలాండుకు పోవాలంటె నడుమ లావోసో బర్మానో ఒక్క దేశం దాటితె చాలు, "దేశమొకటి" కొలిచినట్టు పడ్డది.

పానగల్లు పంతులు:
లావోస్‌ల కూడ ఐదంటె హా నే గదా, అంటె సరిహద్దు దాటంగనె నవ్వుడు మొదలు, దేశమంత దాటుడెందుకు 555. పైగ థాయి పేరు పద్యంల లేదు, పై పూరణ చదవనోనికి ఇది అందది.

మూసీ గట్టు:
పంతులూ నువ్వు 555 అన్నవ్, ఏ దేశందో చెప్పు.

పిల్లలమర్రి నీడ:
వచ్చే వారానికి: "గడ్డి మొలవ నవ్వి కడుపు నొచ్చె". జపానోళ్ళు నవ్వొస్తె డబ్ల్యూ అక్షరాలు వరసగ కొడతరు, వాళ్ళ భాషల నవ్వును వరాయ్ అంటరు, దాని మొదటి అక్షరం అది, ఆ వరస పచ్చగడ్డి లెక్క కనవడ్తదని గడ్డి అన్నా నవ్వే అయింది. ఈపారి సూచన ఇచ్చేసిన, ఇగ బర్రెల మేపుడు పూరణలు మాత్రం పెట్టకున్రి.