‘కేడీ’ అనే మాట ఎక్కడిది?

ప్రశ్న (మన పదాల సమూహంలో ఒంగోలు నుంచి ఒక సభ్యుడు): మా వైపు అల్లరి పిల్లలనూ, మాయమాటలు చెప్పేవారినీ ‘కేడీ’ అని తిట్టడం వాడుకలో ఉంది. ఇది ‘ఖైదీ’ అరిగి ఏర్పడిన రూపమని ఒక మిత్రుడు అంటున్నారు. పెద్దలు వివరించగలరు.

సమాధానం (కందుకూరు నుంచి): ఖైదీకీ కేడీకీ చుట్టరికం లేదండి. ‘ఖైదీ’ అరబ్బీలో పుట్టి, పారశీకం, ఉర్దూల మీదుగా మనకు చేరింది. ‘కేడీ’ మద్రాసు రాజధాని (బ్రిటిషు వారి కాలపు మద్రాసు ప్రెసిడెన్సీ) పోలీసు ఠాణాల్లో పుట్టింది. ‘నోన్ డిప్రడేటర్’ అనే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కె, డి. దోపిడీలు చేసేవాడని పోలీసులకు తెలిసినవాడు అని దాని అర్థం. అలాంటి మనిషి పేరు మీద ఠాణాలో ఒక షీటు తెరిచి, అతను ఏ ఊరు వెళ్తున్నాడో, ఎవరితో తిరుగుతున్నాడో అందులో రాసుకునేవారు. తమిళంలో కూడా ఇదే మాట ఇదే అర్థంలో ఉండటానికి కారణం, నెల్లూరు జిల్లా అప్పట్లో ఆ రాజధానిలోనే ఉండటం. (మా కందుకూరు కూడా ఆనాడు నెల్లూరు జిల్లాయే.)

ప్రశ్నకు జవాబు ఇంతటితో అయిపోయింది గానీ, ‘తెలిసినవాడు’ అన్న చోట నేను ఆగకుండా ఉండలేను. ఎవరికి తెలుసు? న్యాయస్థానం విచారించి తేల్చింది కాదు. ఠాణాలో తెలుసు, అంతే. తెలియడాన్ని మనం ‘ఎరుక’ అంటాము. ఆ ఎరుకనే వృత్తిగా చేసుకుని, చేతిలో చిన్న కర్ర, చంకలో బుట్టతో ‘సోది చెబుతానమ్మా సోది’ అంటూ వీధుల వెంట వచ్చిన స్త్రీలను ఎరుకలసానులని పిలిచాము. అదే ఎరుకల వారిని ప్రభుత్వం తన ‘ఎరుక’లో ఉన్నవారి కింద జమకట్టింది.

ఎరుకల వారిలో కొందరిని ఉప్పు ఎరుకలవారని అనేవారు. కోస్తాలో ఉప్పు కొని, ఎద్దుల మీదా గాడిదల మీదా వేసుకుని లోపలి ఊళ్ళకు చేరవేసి, అక్కడి ధాన్యం మార్చుకుని వచ్చేవారు. చినగంజాం, ఇసకపల్లి ఉప్పు కొటార్లు చూసినవారికి ఈ వ్యాపారం ఎంత సహజమైనదో వేరే చెప్పక్కరలేదు. రైలు వచ్చాక, ఉప్పు మీద సర్కారు పట్టు బిగిశాక ఆ బతుకుదెరువు పోయింది. ఇల్లు ఒక చోట లేనివాడు, పొలం లేనివాడు, ఎప్పుడూ దారి మీద ఉండేవాడు పోలీసుల కంటికి అనుమానితుడయ్యాడు.

నేరస్థ జాతుల చట్టం 1871లో ఉత్తరాదిన మొదలై, 1911లో మద్రాసు రాజధానికి విస్తరించింది. కేడీ షీటుకు కనీసం ఫలానా మనిషి మీద అనుమానం ఉండాలి. ఈ చట్టానికి అది కూడా అక్కరలేదు, ఆ కులంలో పుడితే చాలు. ప్రభుత్వం ఒక తెగను ప్రకటిస్తే, ఆ ప్రకటన చెల్లదని ఏ కోర్టూ అనడానికి వీలు లేదని చట్టంలోనే రాసుకున్నారు. పేరు రిజిస్టరులో ఎక్కించుకుని వేలిముద్రలు ఇవ్వాలి, పిలిచిన వేళకు హాజరు పలకాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి. ఆరేళ్ళు నిండిన బిడ్డను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి బడికి పంపే అధికారం కూడా అందులో ఉంది. స్టువర్టుపురం, కావలి, కప్పరాళ్ళతిప్ప సెటిల్మెంట్లు (ఆ తెగల వారిని నిఘాలో ఉంచిన కాలనీలు) ఆ చట్టం కిందే వెలిశాయి. స్టువర్టుపురాన్ని సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ, కావలిని అమెరికన్ బాప్టిస్టు మిషను నడిపాయి. అక్కడి వారి చేతులు చీరాల పొగాకు కర్మాగారానికి పనికి వచ్చాయి.

మా అమ్మ నన్ను మురిపెంగా ‘ఒరే కేడీ’ అని పిలిచేది. నాకు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళప్పుడు, మా అరుగు మీద కూర్చుని ఈత బరికెలతో గంప అంచు అల్లుతున్న ఒక ముసలామె ఆ పిలుపు విని చెయ్యి ఆపింది. బరికె కొస ఆమె బొటనవేలికింద అలాగే వంగి ఉంది. ‘అమ్మా, బిడ్డను ఆ మాట అనమాక. మా నాయన్ని ఠాణాలో ఆ మాటతోనే పిలిచేవాళ్ళు’ అని మళ్ళీ అల్లిక మొదలుపెట్టింది. మా అమ్మ ఆ తరువాత నన్ను ఆ పేరుతో పిలవలేదు. ఈ మాట పుట్టుక నేను మొదట విన్నది నిఘంటువులో కాదు, ఆ అరుగు మీద.

మరొక సభ్యుని అభ్యంతరం (కావలి నుంచి): చట్టం పోయి డెబ్బై ఏళ్ళు దాటింది. ఆ తెగలను ఇప్పుడు ‘విముక్త జాతులు’ అంటున్నాము. పాత గాయాన్ని మాట పేరుతో మళ్ళీ రేపడం అవసరమా?

తిరుగు సమాధానం: అయ్యా, చట్టం మద్రాసులో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31నా రద్దయిన మాట నిజం. యానాదుల మధ్య జీవితమంతా పనిచేసిన నెల్లూరు వాస్తవ్యులు వెన్నెలకంటి రాఘవయ్య గారి వంటివారు అందుకోసం పోరాడారు. అయితే దాని వెనకే అలవాటు నేరస్థుల చట్టాలు, అంటే పదేపదే నేరం చేసేవారని ముద్రపడినవారి మీద నిఘా పెట్టే చట్టాలు, వచ్చాయి. మద్రాసులో 1948లో, మన ఆంధ్రప్రదేశ్‌లో 1962లో. 2007లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన సంఘం ఇలాంటి చట్టాన్ని రద్దు చేయమని భారతదేశాన్ని కోరింది. జైలు నియమావళుల్లో ఈ తెగల ప్రస్తావన ఇంకా మిగిలి ఉండబట్టే 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు కలగజేసుకుని, కులాన్ని బట్టి ఖైదీలను వేరు చూసే నియమాలు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేయవలసి వచ్చింది. గాయం పాతదైతే ఆ పని ఎవరికీ ఉండేది కాదు.

‘విముక్త’ అనే మాట మీద నాకు మరొక బాధ ఉంది. విముక్తుడంటే విడిచిపెట్టబడినవాడు. ఎవరో ఒకప్పుడు కట్టివేశారన్న సంగతి ఆ పేరులోనే ఉండిపోతుంది, కట్టినవాడి పేరు మాత్రం అందులో లేదు. ఇక ‘నేరస్థ జాతి’ అనేది మన భాషకే సరిపడని మాట. ‘చేయనేరను’ అంటే చేయలేను అని అర్థం. నేర్పు లేకపోవడాన్నీ, దాని వల్ల జరిగిన తప్పునూ పాత తెలుగు ‘నేరమి’ అనేది. నేరానికి చేసినవాడొకడు, చేసిన పని ఒకటి ఉండాలి. ఏ పనీ ఇంకా చేయని, తల్లి ఒడిలోని బిడ్డకు దాన్ని విశేషణంగా తగిలించడం తెలుగు వాక్యంలో కుదరదు. ఇంగ్లీషు చట్టానికి చేసిన అనువాదంలోనే కుదిరింది.

పత్రికల్లో ‘ఫలానా ఊరి దొంగల ముఠా’ అని ఊరి పేరుతో వార్త కనిపించినప్పుడు కూడా ఇదే తప్పు జరుగుతోంది. దొంగతనం చేసినవారు ముగ్గురైతే ముగ్గురి సంగతే రాయాలి.

‘కేడీ’ని నిఘంటువు నుంచి తీసివేయమని నేను అనడం లేదు. మన సమూహం తయారుచేస్తున్న నెల్లూరు, ప్రకాశం పదాల పట్టికలో దానిని ఇలా చేర్చవలసిందిగా కోరుతున్నాను: ‘కేడీ, నామవాచకం. మద్రాసు రాజధాని పోలీసుల నిఘా రిజిస్టరు నుంచి వచ్చిన పొడి అక్షరాల మాట. నేడు తుంటరి, మోసగాడు అనే అర్థాల్లో తిట్టుగా వాడుతున్నారు. ఠాణాలో ఈ పేరుతో పిలిపించుకున్న కుటుంబాల వారికి నొప్పి కలిగించే మాట.’