రెండో పుట్టినరోజు: ఫంక్షన్ హాలా, ఇల్లా?

చిన్నోడి అమ్మ, విజయవాడ:
వచ్చే నెల మావాడికి రెండేళ్లు నిండుతాయి. పోయినేడాది అందరూ చేస్తున్నారు కదా అని హాల్లో చేశాం. ఏడింటికి కేకు అనుకుంటే చుట్టాలందరూ చేరేసరికి ఎనిమిదిన్నర, వాడేమో రోజూ ఎనిమిదింటికల్లా నిద్రపోయే పిల్లాడు, పైగా షేర్వాణీ జరీ మెడ మీద గుచ్చుకుంటోంది, ఇంతలో యాంకర్ మైకులో ఒక్క అరుపు అరిచేసరికి గుక్కపట్టాడు. ఏ ఫొటో చూసినా నోరు తెరుచుకుని ఏడుస్తూనే ఉన్నాడు. అందుకే ఈసారి ఇంట్లో, పొద్దున పూట, తాతయ్యలు, అమ్మమ్మ, నాన్నమ్మ, పిన్నుల పిల్లలు, కాసేపు ఆటలు, అంతే అంటున్నాను. మా ఆయన, అత్తగారు ససేమిరా అంటున్నారు. నాది తప్పంటారా?

తెనాలి అమ్మమ్మ:
తప్పేముందమ్మా. అసలు మన పిల్లల వేడుకలన్నీ ఆటలే కదా. అన్నప్రాశనకి పుస్తకం, కలం, బంగారం, కత్తి పెట్టి దేన్ని పట్టుకుంటాడో అని అందరం ఊపిరి బిగబట్టి చూడటం ఆట కాక ఏమిటి? బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచాం. భోగిపళ్లు పోస్తే చిల్లర కోసం మిగతా పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఏరుకునేవాళ్లు. ఇక పుట్టినరోజంటే తలంటు, కొత్త బట్టలు, హారతి, పాయసం. వీటిలో దేనికీ మైకు అక్కర్లేదు.

వరంగల్ పెద్దనాన్న:
అందరూ పిల్లాడి గురించే మాట్లాడుతున్నారు. అసలు సంగతి వేరే ఉంది. మీరు చదివింపులంటారు, మేం కట్నాలు రాయించుడు అంటాం. మీ అత్తగారు ఎన్నేళ్లుగానో ఊళ్లో ప్రతి ఫంక్షన్‌కూ పోయి 516, 1116 రాయించి ఉంటారు, ఆ లెక్క ఇంట్లో ఏదో నోటుబుక్కులో ఉండనే ఉంటుంది. ఇప్పుడు పది మందితో ఇంట్లో చేసుకుంటామంటే పెట్టినవన్నీ పోయినట్టే అని ఆమెకు అనిపించదా? పైగా పిలవకపోతే 'మా ఇంటికి వచ్చి తిన్నారుగా' అనే మాట పడేది కూడా ఆమెనే. నేను హాలు మంచిదనడం లేదు, ఆమె మొండితనం ఉత్త మొండితనం కాదంటున్నా.

రెండు గదుల ఇల్లాలు, హైదరాబాద్:
ఇంట్లో చేసుకుంటే ఎంత బాగుంటుందో అని రాసేవాళ్లు ఆ రోజు వంటింట్లో ఉండరు లెండి. మా పాపకి ఇంట్లోనే చేశాం, 'మనవాళ్లే' 38 మంది వచ్చారు. నేను పొద్దున నాలుగింటికి లేచి పులిహోర తాలింపు వేస్తే రాత్రి పదకొండుకి ఆఖరి గిన్నె తోమాను, మధ్యలో పాప కేకు కోసిందట, నేను వీడియోలో చూశాను. హాల్లో అయితే కనీసం కూతురి పక్కన నిలబడేదాన్ని. అమ్మమ్మగారూ, మీ కాలంలో తోడికోడళ్లు, ఆడపడుచులు తలా ఓ చెయ్యి వేసేవాళ్లు, ఇప్పుడు నాకెవరున్నారు?

డల్లాస్ బాబాయ్:
ఇక్కడ పిలుపులోనే 10 నుంచి 12 అని రాసేస్తాం, 12:15కి పిల్లలు నిద్రకి వెళ్లిపోతారు. మన తెలుగువాళ్లు మాత్రం 11:40కి వస్తారు, అది వేరే కథ.

పిల్లల వార్డు నర్సు:
ఆటల గురించి రెండు ముక్కలు. రెండేళ్ల పిల్లలు ఒకరితో ఒకరు పెద్దగా ఆడరు, పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడతారు. వాళ్లకి కుర్చీలాట పెట్టి ఓడిపోయావంటే ఏడవక ఏం చేస్తారు? ఖాళీ అట్టపెట్టె, చుట్టూ నాలుగు గిన్నెలు గరిటెలు, చున్నీ చాటు దాగుడుమూతలు, తాతయ్య వీపు మీద గుర్రం, ఇవి చాలు. బెలూన్లు కట్టండి కానీ పగిలిన ముక్కలు వెంటనే ఏరేయండి, నోట్లో పెట్టుకుంటే గొంతుకి అతుక్కుపోయి ఊపిరాడదు. ద్రాక్షపండ్లు నిలువుగా నాలుగు ముక్కలు చేసి ఇవ్వండి. వెలుగుతున్న కొవ్వొత్తి దగ్గర స్నో స్ప్రే అస్సలు వద్దు, అది భగ్గున అంటుకుంటుంది.

చిన్నోడి అమ్మ, విజయవాడ:
అందరూ చెప్పింది చదివాను. హైదరాబాద్ అక్కా, మీ మాట గట్టిగానే తగిలింది, 'ఇంట్లో' అన్నప్పుడు వంట సంగతి నేను నిజంగా ఆలోచించలేదు. పెద్దనాన్నగారు చెప్పిన నోటుబుక్కు కూడా నిజమే, మా అత్తగారిది ఎర్ర అట్టది, బీరువాలో ఉంటుంది. కాబట్టి ఇలా అనుకుంటున్నాను: పొద్దున 10:30కి మా అపార్ట్‌మెంట్ కింది హాల్లో, ఆటలు అయ్యాక కేకు, మధ్యాహ్నం భోజనాలు క్యాటరింగ్ నుంచి, అత్తగారు పిలవాలనుకున్న వాళ్లని భోజనాలకి పిలుస్తాం. పిల్లాడు ఒంటిగంటకి పైకి వచ్చి పడుకుంటాడు. బట్టలు మెత్తటి కాటన్ చొక్కా, నిక్కరు. యాంకర్ లేడు. దీనికి మా ఆయన సరే అన్నారు, అత్తగారు 'చూద్దాం' అన్నారు, ఆవిడ 'చూద్దాం' అంటే ఏమిటో ఈ ఇంట్లో అందరికీ తెలుసు.

రెండు గదుల ఇల్లాలు, హైదరాబాద్:
బాగుంది చెల్లీ. వాడు పడుకున్నాక పక్కన ఎవరుంటారు, కింద చుట్టాలను ఎవరు సాగనంపుతారు? అది కూడా ఇప్పుడే మీ ఆయనతో మాట్లాడుకో.