బ్లాక్‌బర్న్ రోవర్స్ 1995 టైటిల్: గెలిచారా, కొన్నారా?

లెఫ్ట్ బ్యాక్:
మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో మొన్న మొదలైన గొడవ ఇంకా చల్లారలేదు, అందుకే ఇక్కడికి తెచ్చా. ఇంగ్లండ్‌లో చిన్న ఊరి జట్టు లీగ్ గెలిచిందనగానే అందరూ 2016 లెస్టర్ కథే చెబుతారు. 1995లో బ్లాక్‌బర్న్ రోవర్స్ గెలిచిన సంగతి ఒక్కడికీ గుర్తురాదు. ఎందుకని ఒకడు అడిగితే, "అది గెలిచింది కాదు బాబూ, కొన్నది" అన్నా. ఇప్పటికీ అదే మాట.

లెక్క చూడండి. జాక్ వాకర్ తన ఉక్కు వ్యాపారాన్ని బ్రిటిష్ స్టీల్‌కి 30 కోట్ల పౌండ్లకు పైగా అమ్మాడు. 1991లో క్లబ్బుని చేతిలోకి తీసుకునేసరికి రోవర్స్ రెండో డివిజన్ అడుగున కొట్టుకుంటోంది. ఆ ఏడే కెన్నీ డల్గ్లీష్‌ని మేనేజర్‌గా పట్టుకొచ్చాడు, లివర్‌పూల్‌కి మూడు టైటిళ్లు తెచ్చిన మనిషిని. 1992లో ఆలన్ షియరర్‌కి 30 లక్షల పౌండ్లకు పైగా పోశారు, అప్పటికి అది బ్రిటన్ రికార్డు. 1994లో క్రిస్ సటన్‌కి 50 లక్షలు, మళ్లీ రికార్డు. టిమ్ ఫ్లవర్స్‌దీ బ్రిటన్ గోల్‌కీపర్లలో రికార్డు ధరే. ఇన్ని పోస్తే మా కాలనీ జట్టు కూడా సెమీస్‌కి వెళ్తుంది.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. వాకర్ డబ్బు పోస్తే విగ్రహం పెట్టారు. 2010లో ఈ క్లబ్బుని కొన్న మన వెంకీస్ కోళ్ల కంపెనీ వాళ్లు డబ్బు పోస్తే బూతులు తిట్టారు. ఇదేం న్యాయం?

ఈవుడ్ గాలి:
బ్లాక్‌బర్న్ ఉన్న లాంకషైర్‌లోనే 11 ఏళ్లుగా ఉంటున్నా, రోవర్స్ మైదానం ఈవుడ్ పార్క్‌కి తరచూ వెళ్తుంటా. కాబట్టి నా మాటలో కాస్త పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పేస్తున్నా.

అన్నా, వీళ్లొక్కరే డబ్బు పెట్టినట్టు రాశావు. రాయ్ కీన్ 1993లో బ్లాక్‌బర్న్ రావడానికి ఒప్పుకున్నాడు. కాగితాల మీద సంతకాలు అయ్యేలోపు మాంచెస్టర్ యునైటెడ్ రికార్డు ధర పెట్టి ఎగరేసుకుపోయింది. 1995 జనవరిలో ఆండీ కోల్ కోసం మళ్లీ రికార్డు బద్దలుకొట్టిందీ యునైటెడే. పోనీ ధరతోనే కప్పులొస్తాయనుకుందాం. కాలిన్ హెండ్రీ ఎంతకి వచ్చాడు? ఏడు లక్షలు. ఆ డిఫెన్స్‌ని మోసిందే అతను.

చివరి రోజు చూశావా అసలు? 1995 మే 14. రోవర్స్ ఆడుతోంది లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో, అదీ డల్గ్లీష్ పాత ఇంట్లో. షియరర్ ముందు ఒకటి కొట్టాడు, అది ఆ సీజన్లో లీగ్‌లో అతని 34వ గోల్. తర్వాత జాన్ బార్న్స్ సమం చేశాడు. అదనపు సమయంలో జేమీ రెడ్‌నాప్ ఫ్రీకిక్ నేరుగా లోపలికి. 2-1, రోవర్స్ ఓడిపోయింది. టెన్షన్‌తో చచ్చిపోవాల్సిన ఆ క్షణంలోనే వెస్ట్ హామ్ మైదానం అప్టన్ పార్క్ నుంచి వార్త: టైటిల్‌కి పోటీపడుతున్న యునైటెడ్ అక్కడ 1-1 దగ్గరే ఆగిపోయింది. వెస్ట్ హామ్ గోల్‌కీపర్ మిక్లోష్కో ఒక్కడే గోడలా నిలబడ్డాడు. రోవర్స్‌కి 89 పాయింట్లు, యునైటెడ్‌కి 88. ఓడించిన లివర్‌పూల్ అభిమానులే లేచి చప్పట్లు కొట్టారు, తమ బద్ధ ప్రత్యర్థి యునైటెడ్‌కి కప్పు పోయిందని! ఒక్క పాయింటు తేడాతో, ఓడిపోయి మరీ గెలిచినదాన్ని "కొన్నారు" అంటే ఎలా? కొన్న సరుకు ఇంత వణికిస్తుందా?

పాత పేజీలు:
మీ ఇద్దరూ 1995 దగ్గరే కూర్చున్నారు. ఈ గొడవ ఆ ఊళ్లో 1880ల నుంచే ఉంది.

రోవర్స్ పుట్టింది 1875లో. కానీ ఎఫ్‌ఏ కప్పు (ఇంగ్లండ్ నాకౌట్ కప్పు) ఆ ఊరికి ముందు తెచ్చింది వాళ్లు కాదు, బ్లాక్‌బర్న్ ఒలింపిక్ అనే మరో జట్టు. నేత పనివాళ్లు, ఫౌండ్రీ కూలీలు, ఒక ప్లంబరు. 1883 ఫైనల్లో దొరబాబుల ఓల్డ్ ఈటోనియన్స్‌ని 2-1తో కొట్టారు. ఫైనల్‌కి ముందు జట్టుని బ్లాక్‌పూల్ తీసుకెళ్లి శిక్షణ ఇప్పించారు, ఖర్చు ఒక ఇనుప ఫౌండ్రీ యజమానిది. పనీపాటా మాని ఆటకోసం ప్రాక్టీసు చేయడం ఏమిటని పెద్దమనుషులు ముక్కు విరిచారు.

ఇక రోవర్స్. ఫెర్గస్ సూటర్ అని గ్లాస్గో వైపు రాతి పనివాడు. పక్క ఊరు డార్వెన్‌కి ఆడటానికి వచ్చాడు. లాంకషైర్ రాయి మరీ గట్టిగా ఉంది, చేతులు వాస్తున్నాయని ఉలి పక్కన పెట్టేశాడంటారు. ఆ తర్వాత అతనికి పూట ఎలా గడిచిందో ఎవరూ గట్టిగా అడగలేదు. 1880లో డార్వెన్ వదిలి రోవర్స్‌లో చేరాడు. డబ్బు తీసుకునే చేరాడని డార్వెన్ వాళ్లు మండిపడ్డారు. ఆటగాడికి జీతం ఇవ్వడం అప్పట్లో నిషేధం మరి. 1885 జులైలో ఫుట్‌బాల్ సంఘం దిగివచ్చి దాన్ని అనుమతించింది. రోవర్స్ 1884, 85, 86 వరసగా మూడేళ్లు ఎఫ్‌ఏ కప్పు గెలిచింది. ఇంగ్లండ్ తరఫున ఆడిన మొదటి ప్రొఫెషనల్ జేమ్స్ ఫారెస్ట్ కూడా రోవర్స్ వాడే, స్కాట్లాండ్ మీద ఆడాడు. జీతగాణ్ణి ఎలా దింపుతారని స్కాట్లాండ్ అభ్యంతరం చెప్పింది.

ఒలింపిక్ ఏమైందంటారా? జీతాలు ఇవ్వలేక 1889లో మూతపడింది.

తర్వాత 1912, 1914 లీగ్ టైటిళ్లు. అప్పటి ఛైర్మన్ లారెన్స్ కాటన్. వ్యాపారం కూడా కాటనే, మిల్లు యజమాని. (గోదావరి మీద ఆనకట్ట కట్టిన మన కాటన్ దొరతో ముడిపెట్టకండి, పేరొక్కటే కలిసింది.) 1911లో ఫాల్‌కిర్క్ నుంచి జాక్ సింప్సన్‌ని 1,800 పౌండ్లకి, 1913లో వెస్ట్ హామ్ నుంచి డానీ షేని 2,000కి తెచ్చారు. రెండూ అప్పటి రికార్డులే. అంటే వాకర్ కొత్తగా చేసిందేమీ లేదు, ఆ ఊరి అలవాటునే నడిపాడు.

కోడిగుడ్డు:
మాది తణుకు దగ్గర. చిన్నప్పుడు నాన్న పొద్దున్నే పేపర్లో చూసేది హెడ్‌లైన్లు కాదు, నెక్ రేటు, అంటే గుడ్ల రైతుల సంస్థ రోజూ ప్రకటించే గుడ్ల ధర. వంద గుడ్లు ఇవాళ ఎంత, హైదరాబాద్‌లో ఎంత, విజయవాడలో ఎంత. ఆ నెక్ సంస్థని నిలబెట్టిన బీవీ రావు గారే వెంకీస్ వెనకున్న వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు. ఆయన హైదరాబాద్ మనిషి, కంపెనీ పుణెలో. 2010 నవంబర్‌లో రోవర్స్‌ని 2.3 కోట్ల పౌండ్లకి కొన్నది ఆయన పిల్లలే. మా ఇంట్లో ఆ రోజు నాన్న "కోళ్లోళ్లు ఇంగ్లండ్ పోయారు" అని తెగ సంబరపడ్డాడు, ఫుట్‌బాల్ అంటే ఏంటో తెలియకపోయినా.

తిట్టేవాళ్లని ఒకటే అడుగుతా. పక్కనే ఉన్న బరీ క్లబ్బు రెండుసార్లు ఎఫ్‌ఏ కప్పు గెలిచింది, 2019లో డబ్బుల్లేక లీగ్ నుంచే గెంటేశారు. అదే ఏడాది బోల్టన్ దివాలా అంచుకి వెళ్లొచ్చింది. రోవర్స్ దాదాపు ఏటా నష్టాల్లోనే నడుస్తోంది, అయినా తాళం పడలేదు. ఆ గుంత పూడ్చేది ఎవరు? పుణె వాళ్లే కదా.

ఈవుడ్ గాలి:
తాళం పడలేదు, నిజమే. దాన్ని నేనూ తక్కువ చేయను. వాళ్ల తప్పు డబ్బు దగ్గర కాదు గురూ, తెలియని పనిలో పెట్టిన వేలు దగ్గర.

కొన్న కొన్ని వారాలకే మేనేజర్ శామ్ అలర్డైస్‌ని తీసేశారు. జట్టు అప్పుడు 13వ స్థానంలో ఉంది, మునిగిపోతున్నది కాదు. ఎవరికీ పెద్దగా తెలియని కోచ్ స్టీవ్ కీన్‌ని కూర్చోబెట్టారు. 2012 మే నెలలో విగన్ చేతిలో సొంత మైదానంలో 1-0 ఓటమి, ప్రీమియర్ లీగ్ నుంచి బయటికి. ఆ రాత్రి ఎవరో రోవర్స్ జెండా చుట్టిన కోడిని మైదానంలోకి వదిలారు. టీవీలో చూసినవాళ్లు నవ్వుకున్నారు, ఇక్కడి వాళ్లకి ఆ నవ్వే ఎక్కువ మంట. మరుసటి సీజన్లో మేనేజర్లు కుర్చీలాట ఆడారు. 1995 జట్టులో ఆడిన హెనింగ్ బెర్గ్‌ని పిలిచి కుర్చీ ఇచ్చి 57 రోజులకే లేపేశారు. 2017లో మూడో స్థాయికి పడింది. ప్రీమియర్ లీగ్ గెలిచిన జట్టు అంత కిందికి పోవడం అదే మొదటిసారి. మరుసటి ఏడే మేనేజర్ టోనీ మౌబ్రే పైకి తెచ్చాడు, అది వేరే కథ.

వాకర్‌ది ఈ ఊరే. అతను చనిపోయాక కూడా కుటుంబ ట్రస్టు పదేళ్లు క్లబ్బుని మోసింది. వెంకీస్ పెట్టింది మాత్రం చాలాకాలం ఖాతాల్లో మాతృసంస్థకి బాకీగానే కనిపించేది. ఈ మధ్య అయితే భారత్ నుంచి డబ్బు పంపడానికి ఢిల్లీ హైకోర్టు అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది.

కోడిగుడ్డు:
అంటే మనవాళ్లు పంపినా తప్పే, కోర్టు అడ్డుపడి పంపకపోయినా తప్పే!

ఈవుడ్ గాలి:
అలా అనలేదు. జీతాలు ఢిల్లీలో జరిగే విచారణ మీద ఆధారపడితే డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవడికి నిద్ర పడుతుంది అంటున్నా.

మోడరేటర్:
కోళ్ల జోకులు ఇంతటితో చాలు. రెండు పోస్టులు తీసేశా. చర్చ కొనసాగించండి.

పడుగు పేక:
మాది చీరాల వైపు మగ్గం ఇల్లు. బ్లాక్‌బర్న్ అంటే నాకు ఫుట్‌బాల్ కన్నా ముందు పంచెలు గుర్తొస్తాయి. ఆ ఊరి మిల్లులు ఇండియాలో అమ్మడానికే పంచెల గుడ్డ నేసేవి. విదేశీ వస్త్ర బహిష్కరణ దెబ్బకి అక్కడ మగ్గాలు ఆగి జనం రోడ్డున పడితే, 1931లో గాంధీ స్వయంగా పక్కనున్న డార్వెన్ వెళ్లి ఆ కార్మికుల్ని కలిశారు. పనిపోయినవాళ్లే ఆయన చుట్టూ చేరి కేకలేసి స్వాగతం చెప్పిన ఫొటో ఉంది, చూసే ఉంటారు.

మన మగ్గాల పొట్టకొట్టిన డబ్బుతో 1911లో సింప్సన్‌ని కొన్నారు. వందేళ్ల తర్వాత మన కోళ్ల డబ్బు ఆ క్లబ్బుని కొంది. లెక్క సరిపోయిందని మాత్రం నేను అనను. కానీ "పరాయి డబ్బు" అని ఆ ఊరివాళ్లు అన్నప్పుడల్లా నాకు మా తాత పడుగు గుర్తొస్తుంది.

లెఫ్ట్ బ్యాక్:
సరే, సగం దిగుతున్నా. కొన్నారన్నది నిజం, కానీ 1884 నుంచి అందరూ కొంటూనే ఉన్నారు. లెస్టర్‌కి కూడా థాయ్ యజమాని డబ్బుంది, అది అద్భుతం ఖాతాలో పడింది. ఆఫీసు గ్రూపులో మాత్రం ఇది ఒప్పుకోను, పరువు పోతుంది.

వెంకీస్ విషయంలో ఇంకా నాకు మింగుడుపడలేదు. ఊరివాడు పెడితే అన్నదానం, పైవాడు పెడితే వడ్డీ వ్యాపారం అన్నట్టుంది మీ లెక్క.

పాత పేజీలు:
1999లో రోవర్స్ కిందికి పోయింది వాకర్ బతికుండగానే, టైటిల్ గెలిచిన నాలుగేళ్లకే. ఆయన్ని ఎవరూ తిట్టలేదు. కాబట్టి నీ ఈ ముక్కలో పస ఉంది.

హాఫ్‌టైమ్ టీ:
ఈవుడ్ గాలి గారూ, అక్కడ రివర్‌సైడ్ స్టాండ్ మిగతా మూడు వైపులకన్నా చిన్నగా కనిపిస్తుంది టీవీలో. డబ్బులు అయిపోయాయా?

ఈవుడ్ గాలి:
అది వాకర్ క్లబ్బు కొనకముందే కట్టింది, 1988 నాటిది. దానికి ఉక్కు ఇచ్చింది ఆయన కంపెనీయే, అప్పట్లో వాకర్‌స్టీల్ స్టాండ్ అనేవాళ్లు. తర్వాత ఆయన మిగతా మూడు వైపులూ పడగొట్టి పెద్దవి కట్టించాడు, దీన్ని ముట్టుకోలేదు. వెనకాలే డార్వెన్ నది. ఇప్పుడున్న యజమానులూ దాన్ని ముట్టుకోలేదు. శనివారం నా టికెట్ అందులోనే. వాన పడకపోతే ఫొటో పెడతా.